క్యాలరీ లోటు లెక్క: యాప్ చెప్పిన అంకె దగ్గర ఆగిపోవద్దు

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

మీలో చాలామంది ఏదో ఒక యాప్‌లో ఎత్తు, బరువు, వయసు కొట్టే ఉంటారు. అది వెంటనే ఒక అంకె ఇస్తుంది, రోజుకు 1,487 క్యాలరీలు తినండి అని. ఒకట్ల స్థానం దాకా అంత కచ్చితంగా కనిపించేసరికి నమ్మకం కుదిరిపోతుంది. ఆ అంకె పట్టుకుని నెల రోజులు కష్టపడతాం, అనుకున్నంత బరువు తగ్గదు, ఇక నా ఒంటి తత్వమే ఇంత అనుకుని వదిలేస్తాం. నాకు బాధ కలిగేది అక్కడే, ఎందుకంటే ఆ మనిషి చేసిన తప్పేమీ లేదు, లెక్క సగంలో ఆగిపోయింది, అంతే. ఫార్ములా ఇచ్చేది ఒక అంచనా. మీ అసలు అంకెని మీ తిండి, మీ బరువు చూసి మూడు నాలుగు వారాల్లో మీరే తేల్చుకోవాలి. కూడికలు, భాగహారాలు వస్తే చాలు.

ఒంటికి ఖర్చయ్యే క్యాలరీల కంటే తక్కువ తింటే, ఆ తేడానే లోటు. ముందు ఖర్చు సంగతి చూద్దాం. ఒళ్లు కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, కిడ్నీలు పని చేస్తూనే ఉంటాయి, వాటికయ్యే ఖర్చే బీఎంఆర్, అంటే బేసల్ మెటబాలిక్ రేట్. ఎక్కువసేపు కూర్చుని పనిచేసేవాళ్లకు రోజు మొత్తం ఖర్చులో 60 నుంచి 70 శాతం దీనికే పోతుంది. తిన్నది అరిగించుకోవడానికి ఇంకో 10 శాతం దాకా అవుతుంది. మిగిలింది కదలిక. కదలిక అనగానే అందరం జిమ్ అనుకుంటాం గానీ, జిమ్‌లో గడిపేది రోజుకు ఒక గంట. మిగతా వేళల్లో నిలబడటం, మెట్లెక్కడం, ఇల్లు సర్దడం, ఫోన్ మాట్లాడుతూ అటూ ఇటూ తిరగడం, కుర్చీలో కుదురుగా కూర్చోలేక కదులుతూ ఉండటం, ఇవన్నీ కలిపితే వచ్చే ఖర్చు చాలామందిలో వ్యాయామం కంటే ఎక్కువే. జేమ్స్ లెవిన్ అనే పరిశోధకుడు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఒకే సైజున్న ఇద్దరి మధ్య ఈ చిన్నచిన్న కదలికల తేడా రోజుకు 2,000 క్యాలరీల దాకా ఉండొచ్చని ఆయన రాశారు. పైగా తిండి తగ్గించినప్పుడు ఈ కదలిక మనకు తెలీకుండానే తగ్గిపోతుంది, లిఫ్ట్ వైపు కాలు అదే వెళ్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు ఫార్ములా. 1919లో హారిస్, బెనెడిక్ట్ అనే ఇద్దరు ఒకటి ఇచ్చారు, 1990లో మిఫ్లిన్ బృందం ఇచ్చినది దానికంటే మెరుగని ఇప్పుడు ఎక్కువగా దాన్నే వాడుతున్నారు. చాలా యాప్‌ల వెనక ఉన్నది అదే, దాచిపెట్టిన రహస్యమేమీ లేదు. బరువు కిలోల్లో తీసుకుని 10తో గుణించండి. ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని 6.25తో గుణించి దానికి కలపండి. వయసుని 5తో గుణించి అందులోంచి తీసేయండి. చివర్లో మగవాళ్లయితే 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం, రాసుకునేవాళ్లు రాసుకోండి. 35 ఏళ్ల మహిళ, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 75 కిలోలు. 750, దానికి 1,000 కలిపితే 1,750, అందులో 175 పోతే 1,575, మళ్లీ 161 పోతే 1,414. ఇది ఆవిడ బీఎంఆర్.

దీన్ని కదలికను బట్టి ఇంకో సంఖ్యతో గుణిస్తారు. రోజంతా కూర్చునే ఉంటే 1.2, కాస్త కదిలితే 1.375, ఓ మోస్తరుగా కదిలితే 1.55, అలా పైకి. అసలు గొడవంతా ఇక్కడే. 1,414ని 1.2తో గుణిస్తే 1,697. 1.375తో అయితే 1,944. 1.55తో అయితే 2,192. మొదటి దానికీ చివరి దానికీ తేడా ఎంత? 495. మనం ఎంతో కష్టపడి పెట్టుకుందామనుకున్న లోటు మొత్తం అంతే కదా! వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తున్నాను కాబట్టి నాది మోడరేట్ అని ఒక బటన్ నొక్కుతాం, మిగతా 23 గంటలు కుర్చీలోనో మంచం మీదో గడిచిపోతాయి, ఆ ఒక్క బటన్‌తో లోటు కాస్తా సున్నా అవుతుంది. బీఎంఆర్ ఫార్ములాలో కూడా తేడా ఉంటుంది, చాలామందికి 10 శాతం అటూ ఇటూ, కొందరికి ఇంకా ఎక్కువ, కానీ అది ఈ బటన్ చేసే నష్టం ముందు చిన్నదే. అందుకని నా సలహా, ఎటూ తేల్చుకోలేకపోతే ఒక మెట్టు కిందిది ఎంచుకోండి. అదీ అంచనాగానే.

సరే, లోటు ఎంత పెట్టాలి? కిలో కొవ్వు కణజాలంలో దాదాపు 87 శాతం అసలు కొవ్వు, మిగతాది నీరూ అవీ. 870 గ్రాములు, గ్రాముకు 9 క్యాలరీలు, వేస్తే 7,800 చిల్లర వస్తుంది. వాడుకలో 7,700 అని తీసుకుంటారు. అంటే రోజుకు 500 లోటు వారం పాటు ఉంటే 3,500, అది అరకిలోకి కాస్త తక్కువ. మీ రోజు ఖర్చులో 15 నుంచి 25 శాతం మధ్య లోటు పెట్టుకుంటే చాలామందికి నిలబెట్టుకోగలిగేలా ఉంటుంది. మన ఉదాహరణలో ఆవిడ ఖర్చు 1,944 అనుకుంటే 1,500 దగ్గర తినడం అన్నమాట. మామూలుగా ఆడవాళ్లు 1,200 కంటే, మగవాళ్లు 1,500 కంటే కిందికి డాక్టర్ పర్యవేక్షణ లేకుండా దిగకూడదు. అక్కడికొచ్చేసరికి కావలసిన ప్రొటీన్, ఐరన్, కాల్షియం ఆ కాస్త తిండిలో ఇమడటం చాలా కష్టం.

ఈ 7,700 విషయంలో ఇంకో మాట. 1958లో మాక్స్ విష్నాఫ్‌స్కీ అనే డాక్టర్ పౌనుకు 3,500 క్యాలరీలు అని లెక్కగట్టారు, మనం కిలోల్లో చెప్పుకునేది దానికి దగ్గరిదే. మొదటి కొన్ని వారాలకు ఇది పనికొస్తుంది. ఏడాదికి, రెండేళ్లకు సాగదీస్తే మాత్రం తప్పు దారి పట్టిస్తుంది, ఎందుకంటే మనిషి చిన్నబడేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది. ఇందాకటావిడే 67 కిలోలకు వచ్చారనుకోండి, బీఎంఆర్ 1,334, రోజు ఖర్చు 1,834. అదే 1,500 తింటున్నారు, 444 ఉండాల్సిన లోటు 334 అయింది. ఇందులో తెలీకుండా తగ్గిన కదలిక ఇంకా కలపలేదు. ఆవిడ ఏ తప్పూ చేయకుండానే వేగం తగ్గిపోయింది. కెవిన్ హాల్ అని అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో పనిచేసిన శాస్త్రవేత్త, ఆయన బృందం 2011లో దీనికి మెరుగైన లెక్క ఇచ్చింది. రోజుకు 24 క్యాలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతుంది, అందులో సగం తగ్గడానికే ఏడాది పడుతుంది, దాదాపు మొత్తం తగ్గడానికి మూడేళ్లు. అంటే రోజుకు 240 తగ్గిస్తే పాత లెక్క ఏడాదికి 11 కిలోలు తగ్గిపోతారు అంటుంది, ఈ లెక్క ఐదు కిలోలే అంటుంది. ఏడాది కష్టపడి ఐదు కిలోలు తగ్గిన మనిషిని పాత లెక్క ఓడిపోయినవాడిగా నిలబెడుతుంది. నిజానికి ఆయన సరిగ్గా తగ్గాల్సినంతే తగ్గాడు.

ఇప్పుడు తిండి కొలత. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గట్లేదు అని చెప్పేవాళ్లను తీసుకుని, వాళ్లు నిజంగా ఎంత తింటున్నారో, ఎంత ఖర్చు చేస్తున్నారో ప్రత్యేక పద్ధతుల్లో కొలిచారు. వాళ్ల జీవక్రియలో తేడా ఏమీ కనపడలేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, కదిలినదాన్ని 51 శాతం ఎక్కువగా చెప్పారని తేలింది. దయచేసి దీన్ని వాళ్లు అబద్ధం చెప్పారని అనుకోకండి. కంటితో కొలవడం అంటేనే అంత, ఎవరికైనా.

నూనె సంగతే చూడండి. ఒక టేబుల్ స్పూన్, అంటే 15 మిల్లీలీటర్లు, దాదాపు 120 క్యాలరీలు. పాన్‌లోకి సీసా వంచి పోసేటప్పుడు ఒక స్పూనే పోశాం అనుకుంటాం, అది రెండో రెండున్నరో అయి ఉంటుంది, రోజుకు రెండుసార్లు వండితే అక్కడే మీ లోటులో పెద్ద ముక్క కరిగిపోతుంది. దీనికి తేలికైన పని ఒకటుంది. కిచెన్ స్కేల్ మీద నూనె సీసా పెట్టి సున్నా చేయండి, పోసుకోండి, సీసా తిరిగి స్కేల్ మీద పెట్టండి. మైనస్‌లో కనిపించే గ్రాములే మీరు పోసిన నూనె. దాన్ని 9తో గుణించండి. స్పూన్ కడగక్కర్లేదు, ఊహించక్కర్లేదు. జామ్, వెన్న, తేనె డబ్బాలకూ ఇదే పద్ధతి, గ్రాముకు ఎన్ని క్యాలరీలో మాత్రం లేబుల్ చూసుకోండి.

ఇంకోటి, పచ్చి బరువా ఉడికిన బరువా అన్నది. బియ్యం 100 గ్రాములు 350 క్యాలరీల పైమాటే, ఉడికిన అన్నం 100 గ్రాములు తూస్తే 130 దగ్గర ఉంటుంది, నీళ్లు తాగింది కాబట్టి. పాస్తా అయినా అంతే. యాప్‌లో పచ్చిది ఎంచుకుని ఉడికినది తూస్తే లెక్క రెండు రెట్లకు పైగా తప్పుతుంది. ప్యాకెట్ లేబుల్స్ కూడా దేవుడి వాక్కు కాదు, అమెరికా నిబంధనల్లో రాసినదాని మీద 20 శాతం దాకా ఎక్కువ ఉన్నా చెల్లుతుంది. కొన్నిచోట్ల లేబుల్ మీద కిలోజౌళ్లు ఉంటాయి, 4.184తో భాగిస్తే సరిపోతుంది.

శని ఆదివారాల గురించి కూడా చెప్పాలి. ఐదు రోజులు 400 చొప్పున లోటు, మొత్తం 2,000. రెండు రోజులు 700 చొప్పున ఎక్కువ తిన్నారు, అది 1,400. వారం మొత్తానికి మిగిలింది 600, రోజుకు 86. ఐదు రోజుల కష్టం గుర్తుంటుంది, రెండు రోజుల తిండి గుర్తుండదు. సెలవు రోజు ఎక్కువ తినకూడదని నేను అనను, హాయిగా తినండి. రాయడం మాత్రం ఆ రోజు కూడా రాయండి.

వాచీ చూపించే క్యాలరీల గురించి ఇందాక బయట ఎవరో అడిగారు. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు ఏడు రకాల వాచీలు పరీక్షించారు. గుండె వేగం చాలావరకు సరిగ్గానే చూపించాయి. ఖర్చయిన క్యాలరీల విషయంలో మాత్రం అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. కాబట్టి వాచీ 400 కరిగాయంది కదా అని 400 అదనంగా తినొద్దు. అడుగులు లెక్కపెట్టడానికి వాడుకోండి, అందుకు బాగానే పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నాలుగు వారాలు రెండు పనులు చేయండి. తిన్నది తూచి రాయండి. రోజూ పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. ఒక్కరోజు అంకెకి ఏ విలువా ఇవ్వకండి, వారం సగటే చూడండి. ఎందుకంటే కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉండే పిండిపదార్థం అరకిలో దాకా ఉంటుంది, దాని ప్రతి గ్రాముకీ మూడు గ్రాముల దాకా నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. కాస్త ఉప్పు ఎక్కువైనా, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టి కండరాలు నొప్పులు పట్టినా, ఆడవాళ్లకు నెలసరి ముందు రోజుల్లోనూ ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతాయి. డైట్ మొదలుపెట్టిన వారంలో రెండు కిలోలు తగ్గినా అందులో ఎక్కువ భాగం నీరే. నెలసరి వచ్చేవాళ్లు ఈ నెల మొదటి వారాన్ని వచ్చే నెల మొదటి వారంతో పోల్చుకుంటే ఇంకా నమ్మకంగా ఉంటుంది.

మొదటి వారం సగటు 75.2, నాలుగో వారం సగటు 74.3 అనుకుందాం. తేడా 0.9 కిలోలు. మొదటి వారం మధ్య నుంచి నాలుగో వారం మధ్యకి 21 రోజులు. 0.9ని 7,700తో గుణిస్తే 6,930. దాన్ని 21తో భాగిస్తే 330. అంటే ఆ రోజుల్లో మీ నిజమైన లోటు రోజుకు 330. ఆ రోజుల్లో మీరు రాసుకున్న తిండి సగటు 1,600 అనుకోండి, రెండూ కలిపితే 1,930. ఇదీ మీ అంకె, అంటే మీ రోజు ఖర్చు. 500 లోటు కావాలంటే 1,430 తినాలి. లేదా 330 లోటే బాగుంది అనిపిస్తే అలాగే ఉండొచ్చు, తప్పేం లేదు. మొదటి వారం నీరు బాగా పోయినట్టు కనిపిస్తే ఆ వారాన్ని వదిలేసి, ఇంకో వారం కలుపుకుని లెక్క వేసుకోండి.

ఈ పద్ధతిలో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. మీరు రోజూ 200 క్యాలరీలు రాయడం మర్చిపోతున్నారనుకోండి. నిజంగా తిన్నది 1,800, రాసింది 1,600. అసలు ఖర్చు 2,130, మీ లెక్కలో వచ్చింది 1,930. అంకె తప్పే, కానీ లోటు 330 అన్నది మాత్రం తప్పు కాదు, ఎందుకంటే అది బరువులోంచి వచ్చింది. ఇక ముందు కూడా అదే తీరులో రాస్తూ, రాసేది 1,430కి తగ్గిస్తే లోటు నిజంగానే 500 అవుతుంది. మీ పొరపాటు రెండు వైపులా ఒకేలా ఉంది కాబట్టి కొట్టేసుకుపోయింది. అంటే కొలతలో తేడా ఉన్నా ఫర్వాలేదు, అది రోజుకోలా మారకపోతే చాలు. ఈ నెల తూచి, వచ్చే నెల కంటి కొలతకి మారితే మాత్రం లెక్క చెడిపోతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: సర్, నలభై దాటాక మెటబాలిజం తగ్గిపోతుంది కదా, ఈ లెక్కలు మాకు పనిచేస్తాయా?)

పనిచేస్తాయండీ. 2021లో సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్ బృందం 6,400 మందికి పైగా కొలిచి చూసింది, రోజుల పిల్లల నుంచి 95 ఏళ్లవాళ్ల దాకా. శరీరం పరిమాణం, కండ, కొవ్వు లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల వరకు ఖర్చు దాదాపు నిలకడగానే ఉంది. నలభైల్లో తగ్గేది ఎక్కువగా కండ, కదలిక. అవి రెండూ కొంతవరకు మన చేతిలో ఉన్నవే.

(మరో శ్రోత: మరీ తక్కువ తింటే ఒళ్లు స్టార్వేషన్ మోడ్‌లోకి వెళ్లి బరువు తగ్గడం ఆగిపోతుందంటారు, నిజమేనా సర్?)

ఆగిపోదమ్మా, నెమ్మదిస్తుంది. 1944, 45ల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు 24 వారాలు దాదాపు సగం తిండి పెట్టి చూశారు. జీవక్రియ బాగా మందగించింది, అయినా బరువు తగ్గుతూనే ఉంది, దాదాపు పావు వంతు బరువు పోయింది. కానీ వాళ్ల పరిస్థితి చూడండి. ఎప్పుడూ చలి, నీరసం, దిగులు, మనసులో తిండి తప్ప ఇంకో ఆలోచన లేదు. పెద్ద లోటు వద్దని నేను బతిమాలేది ఇందుకే. తగ్గే దాంట్లో కండ కూడా పోతుంది. కండ నిలబడాలంటే కిలో శరీర బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్, వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తడమో, ఒంటి బరువుతో చేసే వ్యాయామమో ఉండాలి. ప్రొటీన్ వల్ల ఇంకో లాభం, అందులోని క్యాలరీల్లో 20 నుంచి 30 శాతం అరిగించుకోవడానికే ఖర్చవుతాయి, ఆకలీ తొందరగా వేయదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ప్రొటీన్ పెంచేముందు డాక్టర్‌ని అడగాలి.

అన్నట్టు ఇది అందరూ చేయాల్సిన లెక్క కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు దీని జోలికి రావద్దు. ఇన్సులిన్‌గానీ షుగర్ తగ్గించే కొన్ని మాత్రలుగానీ వాడేవాళ్లు తిండి తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, మందు మోతాదు ముందు మార్చుకోవాలి. తిండి విషయంలో అతిగా టెన్షన్ పడే అలవాటు, తిని వాంతి చేసుకోవడం లాంటివి ఎప్పుడైనా ఉన్నవాళ్లు తూచి రాసే పద్ధతికి దూరంగా ఉండండి, ఈ అంకెలే వాళ్లకు హాని చేస్తాయి. వాళ్లకు డాక్టర్ సాయంతో వేరే దారులున్నాయి.

(శ్రోత: రెండు నెలలు తగ్గి, ఇప్పుడు మూడు వారాలుగా ఆగిపోయింది. ఏం చేయాలి?)

వారం సగటులే చూశారా, రోజు అంకెలా? సగటులే అయితే, ముందు తూచడం సడలిందేమో చూసుకోండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. తర్వాత అడుగులు చూడండి, మొదట్లో ఎనిమిది వేలుంటే ఇప్పుడు ఐదు వేలకు వచ్చాయేమో. రెండూ బాగానే ఉంటే ఇప్పటి బరువుతో లెక్క కొత్తగా వేసి 100 నుంచి 150 తగ్గించండి, లేదా ఆ మేరకు నడక పెంచండి. అప్పటికే తినేది బాగా తక్కువగా ఉంటే ఇంకా తగ్గించొద్దు. రెండు మూడు వారాలు ఖర్చుకు సమానంగా తిని, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టండి.

(శ్రోత: అనుకున్న బరువుకు వచ్చాక?)

అప్పటి బరువుతో, చివరి నాలుగు వారాల లెక్కతో మీ ఖర్చు ఎంతో మీకు తెలిసే ఉంటుంది. అంతదాకా తిండి పెంచండి. పెంచిన మొదటి వారంలో బరువు ఒక కిలో దాకా పెరుగుతుంది, కంగారుపడి మళ్లీ తగ్గించేయకండి, అది తిరిగి నిండిన గ్లైకోజెన్, దాంతో వచ్చిన నీరు. తర్వాత మూడు నాలుగు వారాల సగటు నిలకడగా ఉంటే మీ అంకె సరైనదే. పెరుగుతూనే పోతుంటే ఒక వంద తగ్గించి చూడండి.